దవడ గీత

మిర్యాలగూడ రైలుగేటు అవుతల
నా దుకాణంల రెండు కుర్చీలు, ఒకటే అద్దం.
అద్దానికి ఎడమ మూలన పగులు.
ఆడ కూసున్నోని చెంప
ఎంత సక్కనోనిదైనా రెండు ముక్కలైతది.

ఉపేందర్ మాత్రం ఆ కుర్చీల్నే కూసుంటడు.
పాలిటెక్నిక్ రెండో యేడు.
నోట్లె రబ్బరుముక్క.
మామూలు చూయింగ్ గమ్ము కాదంట,
ఫోన్ల ఆర్డరు వెట్టి తెప్పిచ్చిండు, మూడొందల యాభై.
పొద్దుగాల వెయ్యి నములుళ్ళు, రాత్రి వెయ్యి.
తుప్పు పట్టిన తాళం తిప్పినట్టు
చెవి కింద టక్కు టక్కుమంటది.

"కాకా, పట్టి సూడు.
పోయిన నెల కంటె గట్టివడ్డదా?"

ముప్పయ్యొక్క యేండ్లు గదువలు వట్టిన చెయ్యి నాది.
పెండ్లికొడుకులవి, ఓట్లకు నిలవడ్డోళ్ళవి,
ఒక్కోపారి సచ్చిపోయినోళ్ళవి గూడ.
గవి మాత్రం కదలయి, గీసుడు అల్కగ.

పట్టి సూసిన.
పండ్లు కొరికినప్పుడు నిమ్మకాయంత కండ ఉబ్బుతది.
ఇడ్సినంక మల్ల వాని అవ్వ గదువనే,
గుండ్రంగ, మెత్తగ,
అంగట్ల ఉల్లిగడ్డలు తూకమేసే యాదమ్మ గదువ.
చెప్పిన.
పోరని మొకం సిన్నవోయింది.
"అంటె ఈ కసరత్తంత ఉత్తదేనా?"

ఉత్తదని నేనెట్లంట?
నాలుగేండ్ల కింద ఒక పొద్దుగాల
పండ్లు తోముకుంటుంటె నురగ కుడిపక్కకు కారింది.
ఈ అద్దంల సూస్తె
నా మొకం సగం నాది, సగం ఎవనిదో.
కన్ను మూతవడది. ఈల రాదు.
గీయించుకునేటోళ్ళు
నా మొకం సూడలేక కండ్లు మూసుకునేటోళ్ళు.
నల్లగొండ పెద్దాసుపత్రిల ఒక చిన్న డాక్టరమ్మ
ఊ అను, ఈ అను, బుగ్గలు ఉబ్బిచ్చు,
దీపం ఆర్పినట్టు ఊదు అన్నది.
రోజూ షట్టరు సగం దించి
నన్ను నేనే ఎక్కిరిచ్చుకున్న.
అయిదు నెలలు.
ఒక రాత్రి పెదవి మూల
ఎలుక తోకంత కదిలింది.
ఈల కొట్టుకుంట ఇంటికి వోయిన,
గాలే ఎక్కువ, పాట తక్కువ.
కసరత్తుతోనే వచ్చెనో
దానంతటదే వచ్చేదో
డాక్టరమ్మ గూడ ఖాయంగ చెప్పలె.
ఉన్నది కదిలింది. లేనిది మొలవలె.
బొక్క బొక్క తీరుగనే ఉన్నది.

నమిలితె దవడ మారతదా అంటె
మారతదిరా, మీ నాయినను సూడు అనబోయి
నాలిక కరుసుకున్న.
ఇరవయ్యేండ్లు తంబాకు కుడి దవడకు వెట్టి
రైస్ మిల్లుల బస్తాలెత్తిండు ముత్తిలింగం.
చెంప బండ తీరు బిగిసింది.
ఇప్పుడు నోరు రెండేళ్ళంత తెరవరాదు.
అన్నం పలుసగ పిసికి వెడ్తది యాదమ్మ.
ఫొటోల సూస్తె మాత్రం
ఈ పోరడు అడిగే దవడ గదే.
వానికి తెల్వదా? తెలుసు.
గందుకే నేను అన్లె.

ఉపేందర్ రబ్బరుముక్క తీసిండు.
పారేయలె.
కాయితంల చుట్టి జేబుల వెట్టుకున్నడు.
"మరి గీత ఎట్ల కాకా?
ఆయితారం మా దోస్తుగాని పెండ్లి."

గీత నేను గీస్త.
చెవితమ్మె కాడి నుంచి గదువ దాంక,
గడ్డాన్ని వాలుగ నిలవెట్టి.
వారం రోజులుంటది. నలభై రూపాయలు.

నవ్విండు.
ఎడమ బుగ్గకు సొట్ట వడ్డది,
సరిగ్గ పగులు కాడ.
నురగ రాసిన.
గేటు వడ్డ సప్పుడు.
గుంటూరు దిక్కు గూడ్సుబండి వోతున్నది.
అద్దం వణికింది,
అద్దంల మా ఇద్దరి దవడలు వణికినయి.
బండి వొయ్యేదాంక
కత్తి పైకెత్తి వట్టుకున్న.

"కదలకు" అన్న.